పాత నెగటివ్‌లు, స్లైడ్లు స్కాన్ చేయడానికి ఏది తీసుకోవాలి: కూల్‌స్కానా, ఫ్లాట్‌బెడ్డా, కెమెరానా?

ఇంట్లో పాత నెగటివ్‌ల డబ్బా బయటపడగానే చాలామంది ఆన్‌లైన్‌లో ఫిల్మ్ స్కానర్ అని వెతికి, ఎవరి డబ్బా మీద డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలు చదువుతుందో చెప్పే లెక్క) అంకె పెద్దగా కనిపిస్తే దానివైపు మొగ్గుతారు. 6400 రాసింది 4000 రాసినదానికంటే మేలే కదా అనుకుంటారు. ఫిల్మ్ దగ్గర ఆ లెక్క తిరగబడుతుంది. 35 ఎంఎం నెగటివ్ పెట్టి చూస్తే, ఇరవై ఏళ్లనాటి 4000 డీపీఐ నికాన్ కూల్‌స్కాన్ (ఫిల్మ్ కోసమే చేసిన స్కానర్) ముందు 6400 రాసిన ఫ్లాట్‌బెడ్ (కాగితాలు గాజు మీద పరిచి తీసే స్కానర్) నిలబడదు.

ఇంకో చిక్కుంది. ఈ రంగంలో పేరున్న మెషీన్లు చాలావరకు తయారీ ఆగిపోయినవే. మినోల్టా (చివర్లో కోనికా మినోల్టా) 2006లోనే కెమెరాల వ్యాపారం నుంచి తప్పుకుంది, నికాన్ 2010 ప్రాంతంలో కూల్‌స్కాన్లు ఆపేసింది, కెనాన్ కూడా ఫిల్మ్ స్కాన్ చేసే ఫ్లాట్‌బెడ్లని వదిలేసింది. అందుకని స్కానర్ ఒక్కటే చూసి కొంటే కుదరదు. దాని కేబుల్ ఏ రకం, ఆ కేబుల్ పట్టే కంప్యూటర్ మీ దగ్గరుందా, ఆ కంప్యూటర్లో దాని డ్రైవర్ నడుస్తుందా, ఇవన్నీ కలిపి చూసుకోవాలి. లెన్సు బంగారంలా ఉన్నా డ్రైవర్ లేకపోతే అది బల్లమీద బరువే.

మొదట డబ్బాలో ఏముందో చూడండి

1980ల ముందు మన ఊళ్లలో తీసిన ఫొటోలు బోలెడు 120 రోల్ (35 ఎంఎం కన్నా వెడల్పైన ఫిల్మ్) మీద ఉంటాయి. ఇళ్లలో ఆగ్ఫా క్లిక్ 3 లాంటి పెట్టె కెమెరాలు, స్టూడియోల్లో యాషికా మ్యాట్ లాంటి రెండు లెన్సుల కెమెరాలు వాడేవాళ్లు. రెండింటిలోనూ రోలుకి పన్నెండు చదరపు ఫొటోలు వచ్చేవి, ఒక్కో నెగటివ్ ఇంచుమించు 56 మిల్లీమీటర్ల చదరం. తర్వాత ఇంటింటికీ వచ్చిన 35 ఎంఎం ఫ్రేము 24 ఇంటూ 36 మిల్లీమీటర్లే. ఈ ఒక్క తేడాతోనే సగం మెషీన్లు లిస్టులోంచి పోతాయి. కూల్‌స్కాన్ వీ గానీ, 5000 గానీ, ప్లస్‌టెక్ 8100, 8200ఐ గానీ 120 ఫిల్మ్ తీసుకోవు. డబ్బాలో సగం చదరపు నెగటివ్‌లుంటే అవి కొని ఏం లాభం?

తర్వాత బ్లాక్ అండ్ వైట్ ఎంత, కలర్ ఎంత, స్లైడ్లు ఉన్నాయా అన్నది చూడండి. మన ఇళ్లలో స్లైడ్లు తక్కువే. కాలేజీ లెక్చరర్లు, డాక్టర్లు, పురావస్తు శాఖలో పనిచేసినవాళ్లు, అమెరికాలో ఎప్పుడో స్థిరపడ్డ బంధువులు, వీళ్ల దగ్గరే ఎక్కువ కనిపిస్తాయి. అమెరికా డబ్బాల్లో కోడాక్రోమ్ (కోడాక్ వాళ్ల స్లైడ్ ఫిల్మ్) తగిలే అవకాశం ఉంది, అట్ట ఫ్రేము మీదే పేరు రాసి ఉంటుంది. దాని సంగతి కొంచెం తర్వాత చెప్తాను.

అన్నీ స్కాన్ చేయాలనుకోకండి, ముందు ఏరండి. ఒక ఫోన్లో తెల్లటి బొమ్మ ఫుల్ బ్రైట్‌నెస్‌తో పెట్టి, దానికి రెండు మూడు సెంటీమీటర్ల పైన నెగటివ్ పట్టుకుని, రెండో ఫోన్ సెట్టింగుల్లో కలర్ ఇన్వర్షన్ ఆన్ చేసి కెమెరాలోంచి చూస్తే ఎవరి పెళ్లో, ఏ తిరుపతి యాత్రో తెలిసిపోతుంది. మరీ స్క్రీన్‌కి ఆనిస్తే పిక్సెల్ చుక్కలు కనబడతాయి. ఒక పెళ్లి ఆల్బమ్‌కి రెండొందల నెగటివ్‌లుంటే అందులో నిజంగా కావలసినవి ముప్పై నలభై ఉంటాయి, భోజనాల బంతి పదిసార్లు స్కాన్ చేసి చేసేదేమీ లేదు.

ఈ ఏరేటప్పుడే బూజు, వాసన కూడా గమనించండి. కాకినాడ, మచిలీపట్నం, విశాఖ లాంటి ఊళ్లలో గాలిలో తేమ ఎక్కువ, బీరువాలో పెట్టినవాటికి బూజు పట్టడం మామూలే. వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే సన్నటి కొమ్మలు కొమ్మలుగా గీతలు కనిపిస్తాయి. చూడగానే నీళ్లతో కడిగేయాలనిపిస్తుంది, ఆ పని మాత్రం చేయొద్దు. బూజు ఫిల్మ్ మీది జెలటిన్‌ని తింటుంది, తిన్నచోట జెలటిన్ నీళ్లలో కరిగే స్థితికి వచ్చేస్తుంది, తడి తగిలిందంటే బొమ్మే ఊడి వస్తుంది. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తెప్పించుకుని, పోగులు ఊడని మెత్తటి గుడ్డకి కొంచెం అద్ది, ముందు ఒక పనికిరాని ఫ్రేము మీద చూసి, మెరిసే వైపు నుంచి మొదలుపెట్టండి. మందుల షాపులో దొరికే 70 శాతం స్పిరిట్‌లో మిగతాది నీళ్లే కాబట్టి అది పనికిరాదు. ఇక డబ్బా మూత తీయగానే వెనిగర్ వాసన ఘాటుగా కొడితే ఫిల్మ్ కింది ఎసిటేట్ పొర చెడిపోతోందని అర్థం. ఆ ఆవిరి పక్కనున్న మంచి ఫిల్మ్‌ని కూడా పాడుచేస్తుంది, వాటిని వేరే పెట్టి వాటినే ముందు స్కాన్ చేయండి.

డిజిటల్ ఐస్ ఉందా లేదా

డీపీఐ కన్నా ముందు అడగాల్సింది ఇదే. పాతికేళ్లు మూలపడ్డ నెగటివ్ మీద దుమ్ము, గీతలు ఉండకుండా ఉండవు. డిజిటల్ ఐస్ ఉన్న స్కానర్ మామూలు ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులతో పాటు నాలుగోసారి ఇన్‌ఫ్రారెడ్‌తో కూడా చదువుతుంది. కలర్ ఫిల్మ్‌లోని రంగులు ఇన్‌ఫ్రారెడ్‌ని ఆపవు, దుమ్ము, గీత మాత్రం ఆపుతాయి. అలా ఎక్కడెక్కడ మురికి ఉందో మెషీన్‌కి ఒక మ్యాపు దొరుకుతుంది, అక్కడ చుట్టుపక్కల రంగుతో పూడుస్తుంది. కలర్ నెగటివ్‌లు వందల్లో ఉన్నవాళ్లకి ఇది లేకపోతే ఫొటోషాప్‌లో చుక్కలు తుడుస్తూ కూర్చోవడమే పని.

అయితే మామూలు బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్‌లో బొమ్మ ఏర్పడేది వెండితో. వెండి ఇన్‌ఫ్రారెడ్‌ని ఆపేస్తుంది కాబట్టి మెషీన్ మీ తాతగారి మీసాన్ని కూడా మురికి కిందే లెక్కేసి చెరిపే ప్రయత్నం చేస్తుంది. బ్లాక్ అండ్ వైట్‌కి ఐస్ తప్పకుండా ఆఫ్ చేయాలి. ఇల్ఫోర్డ్ ఎక్స్‌పీ2 లాంటి, కలర్ పద్ధతిలో కడిగే బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్‌లకి మాత్రం పనిచేస్తుంది, అవి మన డబ్బాల్లో దొరకడం అరుదు. కోడాక్రోమ్‌తో కూడా పేచీ ఉంది, ముదురు రంగు అంచుల దగ్గర బొమ్మ తినేసినట్టు అవుతుంది, అందుకే ఒక స్లైడు ఐస్‌తో, ఐస్ లేకుండా రెండుసార్లు తీసి పోల్చి చూసుకోండి.

అంటే మీ డబ్బా అంతా బ్లాక్ అండ్ వైట్ అయితే ఐస్ కోసం ఒక్క రూపాయి ఎక్కువ పెట్టాల్సిన పనిలేదు.

నికాన్ కూల్‌స్కాన్: ఉంటే వదలొద్దు, లేకపోతే ఆలోచించి కొనండి

35 ఎంఎం వరకు ఇప్పటికీ ఇంట్లో పెట్టుకోగలిగిన వాటిలో ఉత్తమమైనవి ఇవే అని నా అభిప్రాయం. రాసిన 4000 డీపీఐలో దాదాపు అంతా నిజంగా ఇస్తుంది, ఆటోఫోకస్ ఉంది, ఐస్ బాగా పనిచేస్తుంది. ఎస్‌ఏ-21 అడాప్టర్‌లో రెండు నుంచి ఆరు ఫ్రేముల స్ట్రిప్ అంచు పెడితే చాలు, మెషీన్ దానంతట అదే లోపలికి లాక్కుని ఒక్కో ఫ్రేము చదువుకుంటూ పోతుంది. ఎప్పుడో ఎన్‌లార్జ్‌మెంట్ కోసం స్టూడియోకి కత్తిరించి ఇచ్చిన ఒంటి ఫ్రేముల్ని అది తీసుకోదు, వాటికి ఎఫ్‌హెచ్-3 హోల్డర్ కావాలి. సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు మెషీన్‌తో పాటు ఏ అడాప్టర్లు ఇస్తున్నారో అడగాల్సింది ఇందుకే, విడిగా కొనబోతే గుండె ఆగేంత ధర చెప్తారు.

మోడల్ ఎంచుకునేటప్పుడు కేబుల్ చూడండి. ఎల్‌ఎస్-40, ఎల్‌ఎస్-50 (అదే కూల్‌స్కాన్ వీ), ఎల్‌ఎస్-5000, ఈ మూడూ యూఎస్‌బీ, ఏ కంప్యూటర్‌కైనా తగులుకుంటాయి. ఎల్‌ఎస్-40 మాత్రం 2900 డీపీఐ. ఎల్‌ఎస్-4000, 120 ఫిల్మ్ కూడా తీసుకునే 8000, 9000 ఫైర్‌వైర్ (ఇప్పుడు వాడకం తగ్గిన పాత కేబుల్ రకం). ఇంకా పాత ఎల్‌ఎస్-30, ఎల్‌ఎస్-2000 స్కజీ (అంతకన్నా పాత కేబుల్ రకం). స్కజీది ఎవరైనా ఉచితంగా ఇచ్చినా, దానికి సరిపోయే పాత కంప్యూటర్, కార్డు, కేబుల్ మూడూ కలిపి ఇస్తేనే తీసుకోండి. ఫైర్‌వైర్‌ది అయితే డెస్క్‌టాప్‌లో పీసీఐ ఎక్స్‌ప్రెస్ ఫైర్‌వైర్ కార్డు వేసుకుంటే నడుస్తుంది. ఇలాంటి కార్డులు, పాత డెస్క్‌టాప్‌లు సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట కాళ్లరిగేలా తిరిగితే దొరకొచ్చు. లాప్‌టాప్ మాత్రమే ఉన్నవాళ్లు ఫైర్‌వైర్ జోలికి పోకపోవడమే మంచిది. ఆపిల్ కూడా 2025లో వచ్చిన టాహో అనే ఆపరేటింగ్ సిస్టమ్‌తో మ్యాక్‌లో ఫైర్‌వైర్‌కి చెల్లుచీటీ రాసేసింది.

వయసుతో వచ్చే రోగాలు రెండు మూడున్నాయి. లోపలి అద్దం మీద దుమ్ము పేరుకుంటుంది, అప్పుడు తెల్లటి వస్తువు నల్లటి నేపథ్యంలో ఉన్నచోట అంచు చుట్టూ పొగలా వెలుగు పాకుతుంది. అద్దం శుభ్రం చేస్తే పోతుంది గానీ మెషీన్ విప్పాలి. కదిలే భాగాల్లో గ్రీజు గట్టిపడి స్టార్ట్ అయ్యేటప్పుడు గరగరమంటుంది. స్పేర్ పార్టులు లేవు, ఇంకో చెడిపోయిన మెషీన్‌లోంచి తీసి వేయాల్సిందే. పైగా దీని ఎల్‌ఈడీ వెలుతురు కరుకు, చిన్న గీతని కూడా ఎత్తి చూపిస్తుంది. ఫోకస్ లోతు తక్కువ కాబట్టి వంగిపోయిన స్లైడులో మధ్యలో షార్ప్‌గా, మూలల్లో మసకగా వస్తుంది. అలాంటప్పుడు ఫోకస్ పాయింటు మధ్యలో కాకుండా మధ్యకీ మూలకీ నడుమ పెట్టండి, రెండు చోట్లా ఫరవాలేదనిపిస్తుంది.

కొనాలా మరి? ఐదొందలకి పైగా 35 ఎంఎం కలర్ నెగటివ్‌లో, స్లైడ్లో ఉండి, పని అయ్యాక మళ్లీ అమ్మేసే ఉద్దేశం ఉంటే యూఎస్‌బీ మోడల్ కొనొచ్చు, వీటికి గిరాకీ తగ్గలేదు. ఎదురుగా ఒక స్ట్రిప్ స్కాన్ చేసి చూపించకుండా డబ్బులివ్వొద్దు. లైటు వెలుగుతోంది, శబ్దం వస్తోంది అంటే పనిచేస్తున్నట్టు కాదు. విదేశాల నుంచి తెప్పిస్తే కస్టమ్స్ డ్యూటీ, దారిలో దెబ్బతినే రిస్కు రెండూ మీ నెత్తినే, ఆ టెన్షన్ నాకైతే వద్దు. అమెరికాలోనో బ్రిటన్‌లోనో ఉన్నవాళ్లు మెషీన్ ఇండియాకి రప్పించే బదులు, సెలవులకి వచ్చినప్పుడు నెగటివ్‌లే చేతి సంచిలో పట్టుకెళ్తే సరిపోతుంది.

ఫ్లాట్‌బెడ్: డబ్బాలో కలగాపులగంగా ఉన్నవాళ్లకి

ఎప్సన్ వీ600 మీద 6400 డీపీఐ అని ఉంటుంది. టెస్ట్ చార్టు పెట్టి కొలిచినవాళ్లకి 1500, 1600 దగ్గర వస్తుంది. వీ700, వీ750, తర్వాత వచ్చిన వీ800, వీ850 వీటన్నిటికీ 2300 అటూ ఇటూ. 1600 అంటే 35 ఎంఎం ఫ్రేముకి నిజంగా దొరికేది మూడున్నర మెగాపిక్సెళ్లు: వాట్సాప్‌లో పంపడానికి, టీవీలో చూడటానికి, పోస్ట్‌కార్డు సైజు ప్రింటుకి ఏ లోటూ ఉండదు, గోడకి తగిలించే సైజుకి లాగితే మెత్తబడుతుంది. అదే స్కానర్‌లో 120 నెగటివ్ పెడితే అదే 1600తో పన్నెండు మెగాపిక్సెళ్లు వస్తాయి. అందుకే చదరపు నెగటివ్‌లు, పాత ప్రింట్లు, 35 ఎంఎం స్ట్రిప్పులు అన్నీ కలిసి ఉన్న ఇంటికి వీ600 లాంటిదే నా మొదటి సలహా. కూల్‌స్కాన్‌లో అమ్మమ్మ పెళ్లి ఫొటో ప్రింటు స్కాన్ చేయలేరు కదా. పాత సినిమా హాళ్లలో ఆటకి ముందు వేసిన గాజు ప్రకటన స్లైడ్లు ఎవరి దగ్గరైనా మిగిలి ఉంటే, 35 ఎంఎం కన్నా పెద్దవి కాబట్టి వాటికీ ఫ్లాట్‌బెడ్డే దిక్కు.

6400 దగ్గర పెట్టి స్కాన్ చేయడం వల్ల టైమూ హార్డ్ డిస్కూ వృథా తప్ప అదనంగా వచ్చే వివరం ఏమీ లేదు, వీ600కి 2400 చాలు, వీ700 వర్గానికి 3200.

ఫ్లాట్‌బెడ్‌తో అసలు తంటా హోల్డర్. ప్లాస్టిక్ చట్రంలో స్ట్రిప్ పెట్టి మూత నొక్కుతుంటే ఇటు చివర లేస్తుంది, ఇటు నొక్కితే అటు లేస్తుంది. ఏళ్ల తరబడి చుట్టి రబ్బరు బ్యాండు వేసిన ఫిల్మ్ అయితే చట్రంలో కూడా విల్లులా వంగే ఉంటుంది, మధ్యలో ఫోకస్ తప్పుతుంది. స్కాన్‌కి వారం ముందే బరువైన పుస్తకాల మధ్య, స్లీవ్‌లో పెట్టి ఉంచితే చాలావరకు చదునవుతుంది. చదునుగా ఉంటుంది కదా అని నేరుగా గాజు మీద పరిస్తే, ఆనిన చోటల్లా రంగురంగుల వలయాలు వస్తాయి, న్యూటన్ రింగ్స్ అంటారు వాటిని, తర్వాత ఏ సాఫ్ట్‌వేర్‌తోనూ పోవు. వీ600 హోల్డర్ ఎత్తు మార్చడానికి వీల్లేదు, వీ700, వీ850 వాటికి ఉంది. సెకండ్ హ్యాండ్ వీ700 కొంటే అది ఫ్లోరసెంట్ లైటు అని గుర్తుపెట్టుకుని వేడెక్కే వరకు ఆగండి. గాజు లోపలి వైపు తెల్లటి మసక పట్టిందేమో టార్చి ఏటవాలుగా వేసి చూడండి.

కెనాన్ 9000ఎఫ్ మార్క్ 2 చవగ్గా దొరికితే వీ600కి బదులు తీసుకోవచ్చు, పనితనంలో అటూ ఇటూగా ఒకటే. మీ కంప్యూటర్లో నడుస్తుందో లేదో మాత్రం కొనేముందే తేల్చుకోండి.

ప్లస్‌టెక్, చిన్న స్క్రీన్ డబ్బాలు

కొత్తది, వారంటీతో, 35 ఎంఎంకే కావాలంటే ప్లస్‌టెక్ 8200ఐ. చివర ఐ ఉన్నదానికే ఇన్‌ఫ్రారెడ్, 8100కి లేదు, కలర్ నెగటివ్‌లున్నవాళ్లు ఆ తేడా పైసలకి చూడొద్దు. 7200 రాసినా 3200 మీద కొంచెం వస్తుంది, అది ఫ్లాట్‌బెడ్ కన్నా రెట్టింపు, కూల్‌స్కాన్‌కి కాస్త తక్కువ. ఆటోఫోకస్ లేదు. ఒక్కో ఫ్రేముకి హోల్డర్‌ని చేత్తో ఒక్కో అర ముందుకి తోయాలి, కాబట్టి మీరు పక్కనే కూర్చోవాలి. వంద ఫ్రేములకి ఓకే, రెండు వేలకి ఓపిక పోతుంది.

స్క్రీన్ ఉండి, కంప్యూటర్ అక్కర్లేకుండా మెమరీ కార్డులోకి తీసే చిన్న డబ్బాలు స్కానర్లు కావు, లోపల చిన్న కెమెరా ఉంటుంది, జేపెగ్ మాత్రమే ఇస్తుంది, వెలుతురు ఉన్నచోట తెల్లగా కాల్చేస్తుంది. డబ్బాలో ఏముందో త్వరగా చూసుకోవడానికి తప్ప కొనమని చెప్పను.

కెమెరాతో తీయడం

ఇంట్లో డీఎస్‌ఎల్‌ఆరో మిర్రర్‌లెస్సో, మాక్రో లెన్సూ ఉంటే స్కానర్ గొడవే అక్కర్లేదు. 24 మెగాపిక్సెళ్ల కెమెరాతో 35 ఎంఎం ఫ్రేము నిండుగా తీస్తే 6000 ఇంటూ 4000 పిక్సెళ్లు, లెక్కలో 4200 డీపీఐకి సమానం. ఒక్కో ఫ్రేముకి కొన్ని సెకన్లే, చేయి తిరిగాక ఒక రోలు పది పదిహేను నిమిషాల్లో అయిపోతుంది. పైగా ఇందులో డ్రైవర్ పాతబడే సమస్యే లేదు.

కావలసినవి: రంగుల్ని నిజంగా చూపించే, సీఆర్‌ఐ 95 పైన ఉన్న ఎల్‌ఈడీ లైటు (పిల్లలు బొమ్మలు దిద్దుకునే ట్రేసింగ్ ప్యాడ్‌తో చర్మం రంగు పాలిపోతుంది), ఫిల్మ్‌ని చదునుగా పట్టే హోల్డర్, కెమెరాని కిందికి చూసేలా నిలిపే స్టాండు. నికాన్ ఈఎస్-2 లాంటి గొట్టం లెన్సుకే బిగించుకుంటే స్టాండు కూడా అక్కర్లేదు, 35 ఎంఎం వరకు. స్టాండు వాడితే కెమెరా, ఫిల్మ్ సమాంతరంగా ఉండటం అన్నింటికన్నా ముఖ్యం. ఫిల్మ్ పెట్టే చోట చిన్న అద్దం ముక్క పెట్టి లైవ్ వ్యూలో చూడండి, లెన్సు ప్రతిబింబం సరిగ్గా ఫ్రేము మధ్యలో పడితే సరిగ్గా నిలిచినట్టే. ఎఫ్/8, ఐఎస్‌ఓ 100, రా ఫార్మాట్ (కెమెరా చదివింది చదివినట్టు దాచే ఫైలు), టైమర్‌తో షట్టర్. గదిలో లైట్లు ఆపేయండి, ఫిల్మ్ చుట్టూ వెలుతురు లీకవకుండా నల్ల కాగితం అడ్డం పెట్టండి. ఫిల్మ్ మసక వైపు, అంటే ఎమల్షన్ వైపు, లెన్సుకి ఎదురుగా పెట్టి తర్వాత కంప్యూటర్లో కుడి ఎడమలు తిప్పుకోండి.

లోటు ఒకటే కానీ పెద్దది: ఇన్‌ఫ్రారెడ్ లేదు. దుమ్ముని రబ్బరు బ్లోయర్‌తో ముందే ఊదాలి, మిగిలింది చేత్తో తుడవాలి. కలర్ నెగటివ్‌ల నారింజ పొరని తిప్పి సరైన రంగు రాబట్టడం ఇంకో పని. లైట్‌రూమ్ చందా కడుతున్నవాళ్లు నెగటివ్ ల్యాబ్ ప్రో అనే ప్లగిన్ కొంటారు. ఉచితంగా కావాలంటే డార్క్‌టేబుల్‌లో నెగడాక్టర్ అని ఒక మాడ్యూల్ ఉంది, నేర్చుకోవడానికి ఒక ఆదివారం పడుతుంది, ఆ తర్వాత సులువే. బ్లాక్ అండ్ వైట్‌కి ఈ రెండు తలనొప్పులూ లేనట్టే: ఐస్ ఎలాగూ పనిచేయదు, నారింజ పొరా లేదు. అందుకే బ్లాక్ అండ్ వైట్ ఎక్కువున్నవాళ్లకి, ముఖ్యంగా స్టూడియో నడిపిన కుటుంబాలకి, నేను కెమెరానే చెప్తాను.

సాఫ్ట్‌వేర్: అసలు చిక్కంతా ఇక్కడే

కూల్‌స్కాన్‌తో వచ్చిన నికాన్ స్కాన్ 4 అనే సాఫ్ట్‌వేర్ 32 బిట్ విండోస్ విస్టాతోనే ఆగిపోయింది, 64 బిట్ విండోస్‌కి నికాన్ డ్రైవర్ ఇవ్వలేదు. ఇన్ఫ్ ఫైలు (డ్రైవర్ వివరాలుండే ఫైలు) మార్చి 64 బిట్ విండోస్‌లో నడిపించేవాళ్లున్నారు, కానీ సంతకం లేని డ్రైవర్‌ని విండోస్ ఒప్పుకోదు, 11లో మెమరీ ఇంటిగ్రిటీ అనే కట్టడి ఇంకొకటి. మ్యాక్‌లో 2019లో వచ్చిన కెటలీనా అనే ఆపరేటింగ్ సిస్టమ్ 32 బిట్ ప్రోగ్రాములన్నిటినీ ఆపేయడంతో పాత స్కానర్ సాఫ్ట్‌వేర్లు గుంపుగా పోయాయి.

వీటికి మూడు దారులున్నాయి. ఒకటి వ్యూస్కాన్ అనే సాఫ్ట్‌వేర్, 1998 నుంచీ ఉంది, కంపెనీలు వదిలేసిన స్కానర్లకి సొంత డ్రైవర్లు రాసుకుని నడిపిస్తుంది. ఫిల్మ్‌కి ప్రొఫెషనల్ ఎడిషనే కావాలి. ట్రయల్ ఉచితం, బొమ్మ మీద గుర్తులు వేస్తుంది గానీ మీ మెషీన్‌ని పట్టుకుందో లేదో కొనకముందే తెలిసిపోతుంది. చూడ్డానికి అంత ముచ్చటగా ఉండదు, అయినా ఒక్క లైసెన్సుతో ఎన్ని రకాల స్కానర్లైనా వాడుకోవచ్చు. సిల్వర్‌ఫాస్ట్ అనే ఇంకో స్కానింగ్ సాఫ్ట్‌వేర్ అలా కాదు, లైసెన్సు ఒక్కో స్కానర్ మోడల్‌కి విడిగా ఉంటుంది, మెషీన్ మారిస్తే మళ్లీ కొనాలి. ప్లస్‌టెక్‌తో ఉచితంగా వస్తే వాడుకోండి, దాని కోసం విడిగా ఖర్చు పెట్టమని నేను చెప్పను.

రెండో దారి లినక్స్‌లో సేన్ అనే సాఫ్ట్‌వేర్. ఉచితం, కూల్‌స్కాన్లని, చాలా ఎప్సన్లని గుర్తిస్తుంది, టెర్మినల్ అంటే భయంలేనివాళ్లకి.

మూడోది పాత కంప్యూటర్‌నే ఉంచుకోవడం. మీ దగ్గర స్కానరూ, దానితో ఏళ్లుగా నడుస్తున్న ఎక్స్‌పీ లేదా విండోస్ 7 మెషీనూ ఉంటే దాన్ని అప్‌గ్రేడ్ చేయకండి. ఇంటర్నెట్ తీసేసి స్కానర్‌కే అంకితం చేయండి, ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో మోసుకోండి, డిస్క్ మొత్తానికి ఒక ఇమేజ్ బ్యాకప్ తీసి పెట్టుకోండి. యూఎస్‌బీ స్కానర్ అయితే వర్చువల్‌బాక్స్‌లో ఎక్స్‌పీ పెట్టి కూడా నడిపించొచ్చు, ఫైర్‌వైర్, స్కజీలకి ఆ దారి లేదు.

ఏది వాడినా ఒకటి చేయండి: రంగులు దిద్దిన జేపెగ్ మాత్రమే దాచుకోకుండా, మెషీన్ చదివింది చదివినట్టు రా ఫైలుగా కూడా దాచండి. వ్యూస్కాన్‌లో 64 బిట్ ఆర్‌జీబీఐ అని పెడితే ఇన్‌ఫ్రారెడ్ కూడా అందులోనే ఉంటుంది, రేపు స్కానర్ చచ్చిపోయినా ఆ ఫైలునే మళ్లీ స్కానర్‌లా తెరిచి రంగులు, దుమ్ము మళ్లీ సరిచేసుకోవచ్చు. 35 ఎంఎం ఫ్రేముని 4000 డీపీఐలో తీస్తే 21 మెగాపిక్సెళ్లు, 48 బిట్ టిఫ్ (జేపెగ్‌లా నాణ్యత తగ్గించని ఫైలు) 128 ఎంబీ, ఇన్‌ఫ్రారెడ్‌తో 170 ఎంబీ. వెయ్యి ఫ్రేములకి 170 జీబీ, ఇవాళ్టి హార్డ్ డిస్కుకి అదొక లెక్క కాదు.

కలర్ నెగటివ్ రంగులు ఒక్కో ఫ్రేముకి ఒక్కోలా వస్తున్నాయని విసుక్కునేవాళ్లకి వ్యూస్కాన్‌లో ఒక పని: రెండు ఫ్రేముల మధ్య ఖాళీ నారింజ భాగాన్ని ఎంచుకుని ప్రివ్యూ చేయండి, లాక్ ఎక్స్‌పోజర్ టిక్ పెట్టి మళ్లీ ప్రివ్యూ చేయండి, తర్వాత లాక్ ఫిల్మ్ బేస్ కలర్ టిక్ పెట్టండి. ఇక ఆ రోలంతా ఒకే తీరుగా వస్తుంది.

మరి ఎవరికి ఏది?

రెండొందల లోపు ఫ్రేములుంటే ఏ మెషీనూ కొనకండి, ల్యాబ్‌కి ఇవ్వండి. 120, ప్రింట్లు, 35 ఎంఎం కలిసి ఉంటే వీ600. అందులో ఓ ఇరవై మేలిరకం 35 ఎంఎం ఫ్రేములుంటే వాటిని మాత్రం ల్యాబ్‌లో పెద్దగా తీయించుకోండి. వేలల్లో బ్లాక్ అండ్ వైట్ అయితే కెమెరా. వందల్లో 35 ఎంఎం కలర్ ఉండి ఓపికుంటే ప్లస్‌టెక్ 8200ఐ, వేలల్లో ఉంటే యూఎస్‌బీ కూల్‌స్కాన్. ఇప్పటికే ఫైర్‌వైర్ కూల్‌స్కాన్ 9000 ఉన్నవాళ్లు అదృష్టవంతులు, దానికోసం ఒక డెస్క్‌టాప్ కేటాయించండి.

ల్యాబ్‌కి ఇచ్చేవాళ్లు ధర కన్నా ముందు నాలుగు విషయాలు అడగండి: ఏ స్కానర్, ఎన్ని పిక్సెళ్ల ఫైలు ఇస్తారు (డీపీఐ అడిగితే డబ్బా మీది అంకె చెప్తారు), టిఫ్ ఇస్తారా, స్ట్రిప్పుల్ని ముక్కలుగా కత్తిరించకుండా అదే వరసలో వెనక్కిస్తారా. ప్రతి కవరు మీదా పెన్సిల్‌తో నంబరు వేసి, ఇచ్చేముందు అన్నీ పరిచి ఫోన్‌తో ఒక ఫొటో తీసుకోండి. మొత్తం డబ్బా ఒకేసారి చేతిలో పెట్టకుండా, అంత ముఖ్యం కాని ఒక్క స్ట్రిప్ ఇచ్చి చూడండి. వచ్చిన ఫైలుని వంద శాతం జూమ్‌లో తెరిస్తే ఫిల్మ్ రేణువులు కనిపించాలి. వాటి బదులు మైనం పూసినట్టు నున్నటి ముఖాలు కనిపిస్తే ఇంకో ల్యాబ్ చూసుకోండి.